శాంటి కజోర్లా

శాంటి కజోర్లా (జననం: 1984 డిసెంబర్ 13) స్పెయిన్ దేశానికి చెందిన ప్రసిద్ధ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. ఇతని పూర్తిపేరు శాంటియాగో కజోర్లా గొంజాలెజ్. మిడ్‌ఫీల్డర్‌గా, అనగా మైదానం మధ్యభాగంలో ఆడే క్రీడాకారునిగా, విల్లారియల్, రెక్రియాటివో, మాలగా, ఆర్సెనల్, అల్ సద్, రియల్ ఓవియేడో జట్లకు ప్రాతినిధ్యం వహించాడు. 2008, 2012 సంవత్సరాలలో యూరోపియన్ ఛాంపియన్‌షిప్ గెలుచుకున్న స్పెయిన్ జట్లలో సభ్యుడు. కుడి, ఎడమ కాళ్ళను సమానమైన నేర్పుతో ఉపయోగించగలగడం ఇతని ప్రత్యేకత. 2016 తరువాత చీలమండ గాయం విషమించి, కాలే పోగొట్టుకునే స్థితికి చేరి, తిరిగి కోలుకొని అంతర్జాతీయ స్థాయిలో ఆడటం క్రీడాచరిత్రలో అరుదైన విషయం.

స్పెయిన్ దేశీయులు తమ పేరు తరువాత మొదట తండ్రి ఇంటిపేరును, ఆపైన తల్లి ఇంటిపేరును చేర్చుకుంటారు. కావున ఇతని పేరులో కజోర్లా తండ్రి నుండి, గొంజాలెజ్ తల్లి నుండి వచ్చినవి. స్పెయిన్‌లో దీనిని "కథోర్లా" అన్నట్లుగా పలుకుతారు. ఆంగ్ల వ్యాఖ్యాతల నోట అది కజోర్లాగా మారి ప్రపంచమంతటా స్థిరపడింది.

జననం, బాల్యం

కజోర్లా స్పెయిన్ ఉత్తర భాగంలోని అస్తూరియాస్ ప్రాంతంలో, లుగో దె యానెరా అనే చిన్న ఊరిలో జన్మించాడు. అస్తూరియాస్ కొండలకూ, బొగ్గు గనులకూ పేరుపొందిన ప్రాంతం. దాని రాజధాని ఓవియేడో నగరం. ఆ నగరపు ప్రధాన ఫుట్‌బాల్ సంఘం రియల్ ఓవియేడో. కజోర్లా 1996లో ఆ సంఘపు బాలుర విభాగంలో చేరి ఏడు సంవత్సరాలు శిక్షణ పొందాడు.

అయితే ఆ సంఘం తరపున పెద్దల జట్టులో ఆడే అవకాశం అప్పట్లో ఇతనికి లభించలేదు. రియల్ ఓవియేడో 2001లో మొదటి శ్రేణి నుండి రెండవ శ్రేణికి దిగజారింది. 2003లో అక్కడ కూడా నిలువలేకపోయింది. అంతటితో ఆగక, ఆటగాళ్ళకు జీతాలు చెల్లించలేకపోయినందున మరొక మెట్టు కిందికి, నాలుగవ శ్రేణికి, నెట్టివేయబడింది. ఆటగాళ్ళు చెల్లాచెదురయ్యారు. నగరపాలక వర్గం సైతం మరొక జట్టును ప్రోత్సహించసాగింది. అభిమానులు మాత్రం పాత సంఘాన్నే అంటిపెట్టుకొని ఉండి దానిని బతికించుకున్నారు. అప్పుడు కజోర్లా వయస్సు 18 సంవత్సరాలు. పుట్టిన ప్రాంతాన్ని విడిచి, దేశానికి తూర్పు కొసన మధ్యధరా సముద్రతీరానికి దగ్గరగా ఉన్న విల్లారియల్ చేరుకున్నాడు.

మిడ్‌ఫీల్డర్ పని

కజోర్లా గొప్పతనం తెలియాలంటే అతడు ఆడిన స్థానం గురించి కొంత తెలిసియుండాలి. ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్ కాక పదిమంది ఉంటారు. వెనుక నిలిచి గోలును కాపాడేవారు కొందరు, ముందు నిలిచి గోల్ చేసేవారు కొందరు. ఈ రెండు వర్గాలనూ కలిపేవారే మిడ్‌ఫీల్డర్లు. వాలీబాల్‌లో బంతిని లేపి ఇచ్చేవాడు లేనిదే కొట్టేవాని బలం వ్యర్థమైనట్లే, మిడ్‌ఫీల్డర్ సరైన సమయానికి బంతిని అందించనిదే ముందున్నవాడు ఏమీ చేయలేడు. గోల్ చేసినవాని పేరు మరునాటి పత్రికలో వస్తుంది. అందించినవాని పేరు తరచుగా రాదు.

ఈ స్థానంలో ఆడేవానికి నాలుగువైపుల నుండీ ప్రత్యర్థులు వస్తారు. సాధారణంగా ఆటగాడు కుడికాలివాటమో, ఎడమకాలివాటమో కలవాడై ఉంటాడు. కనుక ప్రత్యర్థి అతని అలవాటును గమనించి ఆ వైపు దారి మూసివేస్తాడు. కజోర్లా విషయంలో ఈ ఉపాయం పనిచేయదు. పుట్టుకతో కుడికాలివాటమే అయినా, మైదానపు మూల నుండి కొట్టే కార్నర్ కిక్‌లను ఒక వైపు నుండి కుడికాలితోనూ, మరొక వైపు నుండి ఎడమకాలితోనూ కొట్టేవాడు. ఇతని ఎత్తు 168 సెంటీమీటర్లు మాత్రమే. దేహబలంతో ప్రత్యర్థిని తోసివేయడం సాధ్యం కాదు గనుక, ఏ కాలివైపుకు తిరుగుతాడో తెలియనీయకపోవడమే ఇతనికి రక్షణ అయింది.

విల్లారియల్, రెక్రియాటివో

విల్లారియల్ సుమారు 50 వేల జనాభా గల పట్టణం. పింగాణీ పలకల పరిశ్రమకు ప్రసిద్ధి. ఇంత చిన్న ఊరి జట్టు యూరప్ ఖండంలోని మహానగరాల జట్లతో పోటీపడటం ఆ కాలపు విశేషాలలో ఒకటి. కజోర్లా 2003 నవంబర్ 30న డిపోర్టివో లా కొరున్యా జట్టుపై లా లిగాలో, అనగా స్పెయిన్ మొదటి శ్రేణి పోటీలలో, ప్రవేశించాడు. మరుసటి సంవత్సరం చిలీ దేశస్థుడైన మాన్యుయెల్ పెలెగ్రీని శిక్షకునిగా వచ్చాడు. 2006లో విల్లారియల్ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ వరకు వెళ్ళి, తరువాతి కాలంలో కజోర్లా చేరబోయే ఆర్సెనల్ చేతిలోనే ఓడింది.

విల్లారియల్ నిండా పేరుమోసిన ఆటగాళ్ళు ఉండటంతో కజోర్లాకు తగినంత ఆట దొరకలేదు. 2006లో 6 లక్షల యూరోలకు రెక్రియాటివో దె ఉయెల్వా జట్టుకు మారాడు. 1889లో ఏర్పడిన ఈ సంఘం స్పెయిన్‌లోని ఫుట్‌బాల్ సంఘాలన్నింటిలో పాతది. అప్పుడే మొదటి శ్రేణికి తిరిగివచ్చిన ఆ జట్టు, 2006 డిసెంబర్ 20న రియల్ మాడ్రిడ్‌ను వారి మైదానంలోనే 3-0 తేడాతో ఓడించి, ఆ ఏడు ఎనిమిదవ స్థానంలో నిలిచింది. కజోర్లాకు "డాన్ బలోన్" పత్రిక ఆ సంవత్సరపు ఉత్తమ స్పెయిన్ ఆటగాడి పురస్కారం ఇచ్చింది. అమ్మిన విల్లారియల్ ఏడాది తిరగకుండానే రెట్టింపు ధర, 12 లక్షల యూరోలు, చెల్లించి ఇతనిని వెనక్కు తీసుకున్నది. 2007-08లో ఆ జట్టు లా లిగాలో రెండవ స్థానం పొందింది.

జాతీయ జట్టులో

కజోర్లా స్పెయిన్ జట్టు తరపున 2008 మే 31న పెరూ దేశంపై మొదటిసారి ఆడాడు. ఆ పోటీ జరిగినది ఉయెల్వాలోనే కావడం యాదృచ్ఛికం. కొద్దిరోజులలోనే ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ దేశాలలో జరిగిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌కు వెళ్ళాడు.

ఆ పోటీలలో జూన్ 22న ఇటలీతో జరిగిన క్వార్టర్ ఫైనల్ స్పెయిన్ ఫుట్‌బాల్ చరిత్రలో ఒక మలుపు. 1986లో బెల్జియం చేతిలో, 1996లో ఇంగ్లండ్ చేతిలో, 2002లో దక్షిణ కొరియా చేతిలో స్పెయిన్ క్వార్టర్ ఫైనల్ దశలోనే పెనాల్టీల ద్వారా ఓడింది. ఆ మూడు పోటీలూ జూన్ 22వ తేదీనే జరగడంతో, ఆ తేదీ అంటేనే అభిమానులకు దిగులు. ఈసారి కూడా ఆట గోల్ లేకుండా ముగిసి పెనాల్టీలకు వచ్చింది. రెండవ అర్ధభాగంలో ఇనియెస్టా స్థానంలో దిగిన కజోర్లా, తన దేశం తరపున రెండవ పెనాల్టీ కొట్టవలసివచ్చింది. అప్పటికి జాతీయ జట్టులో చేరి నెల కూడా నిండని 23 ఏళ్ళ యువకుడు తడబడక బంతిని గోలులోకి పంపాడు. స్పెయిన్ 4-2తో గెలిచింది. జర్మనీతో జరిగిన అంతిమ పోటీలోనూ ఇతడు బదిలీ ఆటగాడిగా దిగాడు. స్పెయిన్ 1-0తో విజేత అయింది.

2010లో స్పెయిన్ ప్రపంచ కప్ గెలిచినప్పుడు గాయాల కారణంగా కజోర్లా జట్టులో లేడు. 2012 యూరో విజేత జట్టులోనూ, మొదటి దశలోనే ఇంటిముఖం పట్టిన 2014 ప్రపంచ కప్ జట్టులోనూ ఉన్నాడు. ఇతని కాలంలోనే చావి, ఇనియెస్టా, డేవిడ్ సిల్వా, ఫాబ్రెగాస్, శాబి అలోన్సో వంటివారు అదే స్థానాలలో ఆడుతుండటం వలన, మరొక దేశంలో పుట్టి ఉంటే తప్పక మొదటి పదకొండుగురిలో ఉండదగినవాడు స్పెయిన్‌లో చాలాసార్లు బదిలీ ఆటగాడిగానే మిగిలాడు.

మాలగా

2011లో ఖతార్ రాజకుటుంబీకుని యాజమాన్యంలో ఉన్న మాలగా సంఘం సుమారు 2 కోట్ల యూరోలకు పైగా చెల్లించి కజోర్లాను తీసుకున్నది. అక్కడి శిక్షకుడు మళ్ళీ పెలెగ్రీనియే. ఆ జట్టు 2011-12లో నాలుగవ స్థానంలో నిలిచి తన చరిత్రలో మొదటిసారి ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత పొందింది. కాని యజమాని నుండి ధనప్రవాహం నిలిచిపోగా సంఘం ఆటగాళ్ళను అమ్ముకోవలసి వచ్చింది. సంఘం ఆర్థికంగా కుంగి కజోర్లా ఊరు మారవలసిరావడం ఇది రెండవసారి.

ఆర్సెనల్

2012 ఆగస్టు 7న లండన్ నగరంలోని ఆర్సెనల్ సంఘంలో చేరాడు. మొదటి సంవత్సరమే ప్రీమియర్ లీగ్‌లో 12 గోల్స్ చేసి, అభిమానుల ఎన్నికలో ఆ సంఘపు ఉత్తమ ఆటగాడు అయ్యాడు. 2012 డిసెంబర్‌లో రెడింగ్ జట్టుపై ఒకే ఆటలో మూడు గోల్స్ చేశాడు. 2013 మే నెలలో విగన్‌పై ఆర్సెనల్ చేసిన నాలుగు గోల్స్‌కూ బంతిని అందించినవాడు ఇతడే.

2014 మే 17న వెంబ్లీ మైదానంలో జరిగిన ఎఫ్.ఏ. కప్ అంతిమ పోటీ ఇతని ఆర్సెనల్ జీవితంలో ముఖ్యమైనది. ఎఫ్.ఏ. కప్ 1871-72లో ప్రారంభమైనది. ప్రపంచంలోని ఫుట్‌బాల్ పోటీలలో అన్నింటికంటే పాతది. ఆర్సెనల్ 2005 తరువాత ఏ కప్పూ గెలవలేదు. సెమీఫైనల్‌లో విగన్‌పై పెనాల్టీల ద్వారా బయటపడగా, విజయాన్నిచ్చిన ఆఖరి పెనాల్టీ కజోర్లాదే. అంతిమ పోటీలో ప్రత్యర్థి హల్ సిటీ మొదటి పది నిమిషాలలోపే రెండు గోల్స్ చేసింది. 17వ నిమిషంలో దూరం నుండి ఫ్రీకిక్ కొట్టే అవకాశం ఆర్సెనల్‌కు వచ్చింది. కజోర్లా కుడికాలితో కొట్టిన బంతి అడ్డుగోడగా నిలిచిన ఆటగాళ్ళను దాటి గోలు మూలకు చేరింది. ఆర్సెనల్ కోలుకొని అదనపు సమయంలో 3-2తో గెలిచింది. ఆట మలుపు తిరిగినది మూడవ గోల్ వద్ద కాదు, ఈ మొదటి గోల్ వద్దనే అనడం సబబు.

2015 జనవరి 18న మాంచెస్టర్ సిటీపై వారి మైదానంలో సాధించిన 2-0 విజయం మరొక విధంగా ఎన్నదగినది. అప్పటికి శిక్షకుడు ఆర్సెన్ వెంగర్ కజోర్లాను ముందు స్థానం నుండి వెనుకకు జరిపి, రక్షకులకు దగ్గరగా ఆడించసాగాడు. పొట్టివాడు ఆ స్థానంలో నిలువలేడనే సందేహం ఆ ఒక్క ఆటతో తొలగిపోయింది. మొదటి గోల్ పెనాల్టీ ద్వారా ఇతడే చేశాడు; రెండవ దానికి ఫ్రీకిక్ ద్వారా బంతిని అందించాడు. బంతిని దొరకబుచ్చుకునే పని ఫ్రాన్సిస్ కొక్లాన్‌ది, దానిని చిక్కులలో నుండి బయటకు తెచ్చే పని కజోర్లాది. ఆ సంవత్సరం కూడా ఆర్సెనల్ ఎఫ్.ఏ. కప్ గెలుచుకుంది.

గాయం

ఇతని గాయానికి మూలం 2013 సెప్టెంబర్‌లో ఉంది. జెనీవాలో చిలీతో జరిగిన స్నేహపూర్వక పోటీలో కుడి చీలమండపై దెబ్బ తగిలి ఎముకకు పగులు వచ్చింది. నొప్పితోనే కొన్నేళ్ళు ఆడాడు. కాలు వేడిగా ఉన్నంతసేపు భరించగలిగేవాడినని, విరామంలో చల్లబడగానే ఏడుపు వచ్చేదని తరువాత ఒక సంభాషణలో తెలిపాడు. 2015 నవంబర్‌లో మోకాలి గాయం ఇందుకు తోడైంది. 2016 అక్టోబర్ 19న బల్గేరియాకు చెందిన లుడోగోరెట్స్ జట్టుపై ఆడినదే ఆర్సెనల్ తరపున ఇతని చివరి పోటీ.

పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే గట్టి తాడువంటి నిర్మాణాన్ని అకిలిస్ టెండన్ అంటారు. మునివేళ్ళపై లేవడానికీ, పరుగెత్తడానికీ, గెంతడానికీ ఇదే ఆధారం. ఈ భాగంలో రక్తప్రసరణ తక్కువ గనుక గాయాలు త్వరగా మానవు. కజోర్లాకు శస్త్రచికిత్స చేసిన చోట గాయం మూసుకోలేదు. కుట్లు వేసినా తిరిగి తెరుచుకునేది. సూక్ష్మజీవులు లోపల చేరి కండను కుళ్ళబెట్టాయి. గాంగ్రీన్ అని పిలిచే ఈ స్థితిలో వ్యాధి సోకిన భాగాన్ని తొలగించకపోతే అది పైకి పాకి ప్రాణానికే ముప్పు తెస్తుంది. కుమారునితో కలిసి తోటలో నడవగలిగితే అదే చాలుననుకోమని వైద్యులు తనతో చెప్పినట్లు కజోర్లా వెల్లడించాడు.

2017లో ఇతడు స్పెయిన్‌కు వచ్చి విటోరియా నగరంలో చికిత్స పొందాడు. కాలు తెరిచి చూడగా సూక్ష్మజీవులు మడమ ఎముకను దెబ్బతీసి, టెండన్‌లో 8 సెంటీమీటర్ల మేర తినివేసినట్లు బయటపడింది. వైద్యులు టెండన్‌ను పునర్నిర్మించారు. పైన కప్పడానికి ఎడమ ముంజేతి నుండి చర్మం తీసి చీలమండకు అంటువేశారు. ఆ చేతిపై కుమార్తె పేరు పచ్చబొట్టుగా ఉండటంతో, దానిలో సగం చేతిపై మిగలగా సగం కాలిమీదకు చేరింది. 2017 నవంబర్‌లో స్పెయిన్ పత్రిక "మార్కా" ఈ చీలమండ ఛాయాచిత్రాన్ని ప్రచురించినప్పుడు గాని ప్రజలకు విషయతీవ్రత తెలియలేదు. అప్పటికి 8 శస్త్రచికిత్సలు జరిగాయి. తాను చూసిన గాయాలలో ఇదే అతి ఘోరమైనదని వెంగర్ అన్నాడు.

ఆ తరువాత కుటుంబానికి దూరంగా సలమాంకా నగరంలో ఉంటూ, నడక నుండి మొదలుపెట్టి అన్నీ తిరిగి నేర్చుకున్నాడు. 2018లో ఆర్సెనల్‌తో ఒప్పందం ముగిసింది.

పునరాగమనం

2018 జూలైలో పాత సంఘమైన విల్లారియల్ ఇతనికి పరీక్షార్థం సాధన చేసే వీలు కల్పించింది. జూలై 17న ఎర్క్యులెస్ జట్టుతో స్నేహపూర్వక పోటీలో మైదానంలోకి దిగాడు. ముందటి పోటీకీ దీనికీ మధ్య 636 రోజులు గడిచాయి. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. ఇది కేవలం సానుభూతితో ఇచ్చిన స్థానమని ఎవరైనా తలచి ఉంటే, 2019 జనవరి 3న రియల్ మాడ్రిడ్‌పై 2-2గా ముగిసిన ఆటలో విల్లారియల్ రెండు గోల్స్‌నూ ఇతడే చేసి ఆ తలంపును పోగొట్టాడు. అదే సంవత్సరం 34 ఏళ్ళ వయస్సులో తిరిగి జాతీయ జట్టుకు ఎంపికయ్యాడు. 2019 నవంబర్ 15న మాల్టాపై గోల్ చేశాడు. దేశం తరపున దానికి ముందు చేసిన గోల్ నాలుగేళ్ళ కిందట, 2015 నవంబర్‌లో ఇంగ్లండ్‌పై చేసినది.

2020లో విల్లారియల్ లీగ్‌లో ఐదవ స్థానం పొందిన తరువాత ఆ సంఘాన్ని వీడి ఖతార్‌లోని అల్ సద్ జట్టులో చేరాడు. అక్కడి శిక్షకుడు జాతీయ జట్టులో ఇతని సహచరుడైన చావి. మూడు సంవత్సరాలు ఆడి రెండుసార్లు లీగ్ విజేత అయ్యాడు.

తిరిగి ఓవియేడో

నాలుగవ శ్రేణికి పడిపోయిన రియల్ ఓవియేడో కథ 2003తో ముగియలేదు. 2012 నవంబర్‌లో సంఘం మూతపడే స్థితికి వచ్చింది. కొద్దిరోజులలో సుమారు 20 లక్షల యూరోలు సమకూరనిదే సంఘం రద్దయ్యేది. ఒక్కొక్కటి 10.75 యూరోల ధరతో వాటాలను అమ్మకానికి పెట్టారు. స్పెయిన్‌లోనే కాక అనేక దేశాల నుండి వేలాదిమంది, వారిలో ఓవియేడోను కంటితో చూడనివారు సైతం, వాటాలు కొన్నారు. ఆ సంఘంలో ఆట నేర్చుకొని ఇంగ్లండ్‌లో ఆడుతున్న కజోర్లా, హువాన్ మాతా, మిచూ కూడా కొన్నారు. మెక్సికో ధనికుడు కార్లోస్ స్లిమ్ సంస్థ కూడా పెట్టుబడి పెట్టింది. సంఘం నిలిచింది, 2015లో రెండవ శ్రేణికి చేరుకుంది.

2023 ఆగస్టులో, 38 ఏళ్ళ వయస్సులో, కజోర్లా రియల్ ఓవియేడోలో చేరాడు. నియమావళి ప్రకారం ఇవ్వదగిన కనీస వేతనం మాత్రమే తీసుకొని, తన పేరుతో అమ్ముడయ్యే చొక్కాల ఆదాయంలో 10 శాతం బాలుర విభాగానికి చెందాలని ఒప్పందంలో వ్రాయించాడు. ఏడేళ్ళు ఆట నేర్పిన సంఘపు పెద్దల జట్టులో ఇతడు ఆడటం ఇదే మొదలు.

2024లో ఆ జట్టు మొదటి శ్రేణికి చేర్చే ఆఖరి పోటీ వరకు వెళ్ళి ఎస్పాన్యోల్ చేతిలో ఓడింది. 2025లో మళ్ళీ ఆ దశకు వచ్చింది. సెమీఫైనల్‌లో అల్మేరియాపై కజోర్లా ఫ్రీకిక్ ద్వారా గోల్ చేశాడు. అంతిమ దశలో మిరాండెస్‌తో జరిగిన మొదటి ఆటలో ఓవియేడో 0-1తో ఓడింది. జూన్ 21న స్వంత మైదానమైన కార్లోస్ తార్తియెరెలో జరిగిన రెండవ ఆటలో కూడా ముందుగా గోల్ చేసినది మిరాండెసే. మొత్తం మీద రెండు గోల్స్ వెనుకబడిన స్థితిలో 39వ నిమిషంలో ఓవియేడోకు పెనాల్టీ లభించింది. 40 ఏళ్ళ కజోర్లా దానిని గోల్‌గా మలిచాడు. ఆట అదనపు సమయానికి వెళ్ళి 3-1తో ముగియగా, రియల్ ఓవియేడో 24 సంవత్సరాల తరువాత మొదటి శ్రేణికి చేరింది. ఆ వేసవిలోనే కజోర్లా తన ఒప్పందాన్ని మరొక సంవత్సరం పొడిగించుకున్నాడు.

విజయాలు

స్పెయిన్ జాతీయ జట్టు తరపున కజోర్లా 81 పోటీలు ఆడి 15 గోల్స్ చేశాడు. ఆర్సెనల్ తరపున 180 పోటీలలో 29 గోల్స్ చేశాడు. యూరోపియన్ ఛాంపియన్‌షిప్ (2008, 2012), ఎఫ్.ఏ. కప్ (2014, 2015), ఖతార్ లీగ్ (2021, 2022) గెలుచుకున్న జట్లలో ఉన్నాడు. లా లిగా గాని, ప్రీమియర్ లీగ్ గాని గెలుచుకున్న జట్టులో ఇతడు ఎన్నడూ లేడు.